మీకు వచ్చిన ఇంగ్లీషుతోనే స్పానిష్ మాటలు పట్టుకోవడం ఎలా?

స్పానిష్‌లో లేచే అంటే పాలు, నోచే అంటే రాత్రి, ఓచో అంటే ఎనిమిది. భాష నేర్పే యాప్ ఈ మూడింటినీ మూడు వేర్వేరు రోజుల్లో, మూడు వేర్వేరు బొమ్మలతో నేర్పిస్తుంది. మీరు మూడింటినీ బట్టీ పడతారు, నెల తిరిగేసరికి రెండు మర్చిపోతారు. నిజానికి ఈ మూడూ ఒకే చోట నేర్చుకోవాల్సిన మాటలు. మూడింటిలోనూ ఆ 'చ' ఒకే కారణంతో వచ్చింది. ఆ కారణం తెలిస్తే ఇలాంటివే ఇంకో పది మాటలు బట్టీ పట్టకుండానే అర్థమవుతాయి.

ఇందుకు కావలసిన పద్ధతి మనకు బడిలోనే నేర్పారు, తెలుగు వ్యాకరణం క్లాసులో. రాత్రి తత్సమం, రాతిరి తద్భవం. అగ్ని తత్సమం, అగ్గి తద్భవం. విద్య–విద్దె, యాత్ర–జాతర. పుస్తకాల దారిన వచ్చిన మాట ఉన్నదున్నట్టు ఉంటుంది, జనం నోళ్లలో నలిగిన మాట రూపు మారుతుంది.

స్పానిష్ కథ కూడా ఇంతే. క్రీ.పూ. 218లో రోమన్ సైన్యం ఐబీరియాలో, అంటే ఇప్పటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలో, అడుగుపెట్టింది. సైనికులు, వర్తకులు మాట్లాడిన లాటిన్ అక్కడి జనం నోళ్లలో శతాబ్దాలపాటు నలిగి స్పానిష్ అయింది. ఇంగ్లీషు జర్మానిక్ అనే వేరే శాఖ భాషే అయినా చర్చి, చట్టం, వైద్యం, సైన్సు కోసం లాటిన్ మాటలను వేల సంఖ్యలో తెచ్చుకుంది, పెద్దగా మార్చకుండా. అంటే మీ ఇంగ్లీషులో ఉన్న ఆ మాటలు చాలావరకు లాటిన్ తత్సమాలు, స్పానిష్ ఇంట్లో వాడే మాటలు లాటిన్ తద్భవాలు. రెంటినీ కలిపే నియమాలు పట్టుకోవడమే ఇక్కడ మనం చేయబోయే పని.

1. ముందు పలకడం సరిచేసుకోండి

ఇందులో తెలుగువాళ్లకు పెద్ద కష్టం లేదు, టెన్షన్ పడకండి. స్పానిష్ త, ద మన త, ద లాంటివే, ట, డ కావు. తొమాతే అనాలి, టొమాటే కాదు. ఎన్ మీద అలలాంటి గీత ఉన్న అక్షరం మన ఞ. అచ్చులు కూడా మనవాటిలాగే రాసినట్టు పలుకుతాయి. రెండు ఆర్లు పక్కపక్కన వస్తే నాలుక అదిరేలా 'ర్ర' అనాలి.

గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. హెచ్ ఎప్పుడూ పలకదు. వి, బి రెండూ 'బ'యే. అందుకే జీవితాన్ని బీదా అంటారు, నవ్వుకున్నా ఫరవాలేదు, అలాగైనా గుర్తుంటుంది. జె అక్షరం గొంతులోంచి వచ్చే గట్టి 'హ'. డబుల్ ఎల్ చాలా దేశాల్లో 'య'. జెడ్‌ను, ఇ, ఐల ముందు వచ్చే సిని లాటిన్ అమెరికాలో 'స' అంటారు, స్పెయిన్‌లో చాలాచోట్ల నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. ఇక్కడ లాటిన్ అమెరికా పలుకుబడి రాస్తున్నాను.

2. రూపు మారే నియమాలు పట్టుకోండి

అసలు పని ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోండి. ఒక్కో నియమానికి ఒక్కో రోజు ఇచ్చినా తప్పులేదు.

మొదటిది 'క్త' నుంచి 'చ'. లాటిన్‌లో సి, టి జంటగా ఉన్నచోట స్పానిష్‌లో చ వస్తుంది. పాలకు లాటిన్ మాట లాక్తే. ఇంగ్లీషు దాన్ని లాక్టోజ్‌లో అలాగే దాచుకుంది, స్పానిష్‌లో అది లేచే అయింది. నోక్తే ఇంగ్లీషులో నాక్టర్నల్‌లో ఉంది, స్పానిష్‌లో నోచే. ఓక్తో అక్టోబర్‌లో ఉంది, స్పానిష్‌లో ఓచో. ఇక మీరే ప్రయత్నించండి: ఫ్యాక్ట్ స్పానిష్‌లో ఏమవుతుంది? ఏచో. జరిగిన సంగతి, చేసిన పని అని అర్థం. డైరెక్ట్? దెరేచో, అంటే తిన్నగా అనీ, కుడి అనీ, హక్కు అనీ. పెక్టోరల్ కండరాలు ఉండే ఛాతీ? పేచో.

కాఫీ షాపులో మీరు తాగే లాటే కూడా ఈ కుటుంబమే. అదే లాక్తే ఇటలీ చేరి లాత్తే అయింది. అంటే ఇటలీవాళ్లు మన భక్తి–బత్తి పద్ధతిలో వెళ్లారు, స్పెయిన్‌వాళ్లు 'చ' దారి పట్టారు. మాద్రీద్‌లో పాల కాఫీ కావాలంటే కాఫే కోన్ లేచే అని అడగాలి.

రెండోది మాట మొదట్లోని 'ఫ' మాయమవడం. ముందు అది 'హ' అయింది, తర్వాత ఆ 'హ' కూడా పోయింది. రాతలో హెచ్ మాత్రం మిగిలింది. కాబట్టి స్పానిష్ మాట హెచ్‌తో మొదలైతే, అక్కడ 'ఫ' పెట్టి చూడండి. పొగను ఊమో అంటారు, ఫ పెడితే ఇంగ్లీషు ఫ్యూమ్స్ దొరుకుతుంది. ఇనుమును యెర్రో అంటారు, ఫ పెడితే ఫెర్రస్. ఆకును ఓహా అంటారు, వెనక ఫోలియం ఉంది. గర్భిణులకు డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్‌కు ఆకు పేరే పెట్టారు. చీమ ఒర్మీగా, ఇంగ్లీషులో ఫార్మిక్ యాసిడ్. కొడుకును ఈహో అంటారు, లాటిన్‌లో ఫీలియుస్. మన కాలేజీలు యూనివర్సిటీ దగ్గర తెచ్చుకునే అఫిలియేషన్‌కు మూలార్థం కొడుకుగా స్వీకరించడమే! చేయడం అనే క్రియ అసేర్ కూడా హెచ్‌తోనే రాస్తారు, లాటిన్ ఫాకెరే. ఫ్యాక్టరీ, ఫ్యాక్ట్ అన్నీ దాని పిల్లలే. ఈ నియమానికి మినహాయింపులు ఉన్నాయి. నిప్పు ఫ్వేగో, పండగ ఫ్యేస్తా, వీటిలో ఫ నిలబడింది.

మూడోది: పి-ఎల్, సి-ఎల్, ఎఫ్-ఎల్ జంటలు మాట మొదట్లో ఉంటే డబుల్ ఎల్ అవుతాయి. ఫ్లేమ్ యామా అయింది, మంట. క్లెయిమ్ వెనకున్న క్లామారే యామార్ అయింది, పిలవడం. మొదటి పాఠంలోనే వచ్చే 'మే యామో', అంటే 'నా పేరు ఫలానా' అనే వాక్యం, ఇందులోంచి వచ్చిందే. ప్లెంటీకి మూలమైన ప్లేనుస్ యేనో అయింది, నిండుగా ఉన్నది. తాళంచెవిని యాబే అంటారు, లాటిన్‌లో క్లావెమ్. మెడ కింది ఎముకను డాక్టర్లు క్లావికల్ అంటారే, అది చిన్న తాళంచెవి అనే అర్థంలో పెట్టిన పేరు.

నాలుగోది అచ్చుల విరుపు. ఒత్తి పలికే 'ఒ' చాలాచోట్ల 'వె' గా, 'ఎ' కాస్తా 'యె' గా విరుగుతుంది. పోర్టు ప్వెర్తో, టెర్రస్‌లోని తెర్రా త్యెర్రా అంటే నేల, డెంటిస్టులోని దెంత్ ద్యెంతే అంటే పన్ను, నోవా న్వేబో అంటే కొత్త, బోనస్‌లోని బోనుస్ బ్వేనో అంటే మంచి. ఇది క్రియల్లో కూడా పనికొస్తుంది. దొర్మీర్ అంటే నిద్రపోవడం, 'నేను నిద్రపోతాను' అంటే ద్వెర్మో. పాఠ్యపుస్తకాలు దీన్ని మినహాయింపు అని విడిగా నేర్పిస్తాయి. నిజానికి ఒత్తు పడినచోట విరిగింది, పడనిచోట విరగలేదు, అంతే.

మిగతావి త్వరగా చూద్దాం. రెండు అచ్చుల మధ్య ప, త, క మెత్తబడి బ, ద, గ అవుతాయి. అమీకుస్ అమీగో, లూపుస్ లోబో (తోడేలు), వీతా బీదా. మన సరళాదేశం ఇంకో చోట జరిగినట్టు అనుకోండి. డబుల్ ఎన్ ఞ అవుతుంది. యాన్యువల్‌లోని ఆన్నుస్ ఆఞో అయింది, సంవత్సరం. ఆ గీత మర్చిపోయి ఆనో అని రాస్తే అర్థం మలద్వారం. పుట్టినరోజు శుభాకాంక్షలు పంపేటప్పుడు కీబోర్డు ఒకసారి చూసుకోండి.

ఇంకొకటి మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మాట మొదట ఎస్ తర్వాత హల్లు వస్తే స్పానిష్ నోరు ముందో 'ఎ' చేర్చుకుంటుంది. స్కూలు ఎస్క్వేలా, స్టేషన్ ఎస్తాస్యోన్, స్పెషల్ ఎస్పెస్యాల్. మన పల్లెల్లో ఇస్కూలు, ఇస్టేషను అనలేదూ, అదే ఇబ్బంది, అదే పరిష్కారం. కాబట్టి 'ఎస్'తో మొదలయ్యే కొత్త మాట కనబడితే ముందున్న ఎ తీసేసి చదవండి.

3. చివరి తోకలు ఒక సాయంత్రంలో అయిపోతాయి

ఇంగ్లీషు షన్ స్పానిష్‌లో స్యోన్: నేషన్–నాస్యోన్, యాక్షన్–అక్స్యోన్. ఇంగ్లీషు టీ స్పానిష్‌లో దాద్: యూనివర్సిటీ–ఊనిబెర్సిదాద్, రియాలిటీ–ర్రెయాలిదాద్. స్యోన్, దాద్ రెండూ స్త్రీలింగాలే. లీ తోకకు బదులు మెంతే: ఫైనల్లీ–ఫినాల్మెంతే. ఈ మెంతే ఒకప్పుడు మనసు అనే మాట, మెంటల్‌లో ఉన్నదే. ఫలానా మనసుతో చేశాడు అనే పద్ధతిలో పుట్టి తర్వాత ప్రత్యయంగా స్థిరపడింది. ఈ మూడు తోకలతోనే వందలకొద్దీ మాటలు వచ్చేస్తాయి. వీటి మీద ఇంతకన్నా సమయం పెట్టకండి, ఇవి తత్సమాలు, వాటంతటవే అర్థమవుతాయి.

4. అరబ్బీ మాటలకు ఇంగ్లీషును కాదు, ఉర్దూ కలిసిన తెలుగును అడగండి

711లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం సేనలు ఐబీరియాలో దిగాయి. 1492లో చివరి ముస్లిం రాజ్యమైన గ్రనాదా లొంగిపోయేదాకా ఏదో ఒక ప్రాంతంలో ముస్లిం పాలన సాగింది. వ్యవసాయం, ఇళ్ల కట్టుబడి, వర్తకం, పరిపాలన మాటల్లో ఆ ముద్ర బలంగా ఉంది. ఇంగ్లీషు ఇక్కడ కొంతవరకే సాయపడుతుంది. మనకు మాత్రం నిజాం, నవాబుల కాలం నుంచి వాడుకలో ఉన్న మాటలు చాలా పనికొస్తాయి.

స్పెయిన్‌లో ఇంటి గోడ మీద 'సే అల్కీలా' అని బోర్డు ఉంటే అది టు-లెట్. అద్దెను అల్కిలేర్ అంటారు. ముందున్న 'అల్' అరబ్బీలో ఇంగ్లీషు 'ది' లాంటిది, దాన్ని తీసేస్తే మిగిలేది అరబ్బీ కిరా. హైదరాబాద్‌లో ఇంటి కిరాయి కడుతున్నవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. విమానాశ్రయంలో అదువానా అనే బోర్డు చూస్తే అది కస్టమ్స్. దాని వెనక ఉన్నది దీవాన్, మన జమీందారీ దివాణంలో ఉన్నదే. ఊరి మేయర్‌ను అల్కాల్దే అంటారు, మూలం అల్ ఖాదీ, అంటే న్యాయాధికారి, మన ఖాజీ. మందు సిరప్‌ను హరాబే అంటారు, అది షరాబ్, షర్బత్‌ల బంధువు.

'అల్' తర్వాత స, జ, ద, ర లాంటి హల్లులు వస్తే లకారం వాటిలో కలిసిపోతుంది. అందుకే చక్కెర అసూకర్, నూనె అసేయ్తే, బియ్యం అర్రోస్. ఈ అసూకర్ మన దేశం నుంచి బయల్దేరిందే. సంస్కృత శర్కర పర్షియాలో షకర్, అరబ్బీలో సుక్కర్ అయి స్పెయిన్ చేరింది. అదే శర్కర ప్రాకృతం మీదుగా మనకు చక్కెర అయింది. నారింజను నరాన్హా అంటారు, పెద్ద కష్టం లేకుండా గుర్తుపట్టొచ్చు. తమరిందో అంటే చింతపండు. అరబ్బీలో తమర్ హిందీ, భారతదేశపు ఖర్జూరం అని. 'దేవుడు దయతలిస్తే బాగుండు' అనే అర్థంలో రోజూ వాడే ఓహలా అనే మాటలో చివరన ఉన్నది అల్లాయే.

ఒక జాగ్రత్త చెప్పాలి. అల్‌తో మొదలైనదల్లా అరబ్బీ కాదు. ఎత్తు అనే ఆల్తో, ఆత్మ అనే ఆల్మా, విద్యార్థి అనే అలూమ్నో పక్కా లాటిన్.

మన అల్మారా, మేస్త్రి, ఆయా, పాద్రీ, పీపా కూడా స్పానిష్‌లో మీకు ఎదురవుతాయి, అర్మార్యో, మాయెస్త్రో, ఆయా, పాద్రే, పీపాలుగా. కానీ అవి మనకు స్పెయిన్ నుంచి రాలేదు, పోర్చుగీసు వర్తకులతో వచ్చాయి. పోర్చుగీసు, స్పానిష్ అక్కచెల్లెళ్లు కాబట్టి పోలిక తెలుస్తుంది.

5. అమెరికా ఖండాల మాటలు, ఊళ్ల పేర్లు

1492లో కొలంబస్ అమెరికా చేరిన తర్వాత స్పెయిన్‌వాళ్లు అక్కడ చూసిన కొత్త మొక్కలకు, జంతువులకు, వస్తువులకు స్పానిష్‌లో పేర్లు లేవు, అక్కడివాళ్ల పేర్లే తీసుకున్నారు. కరీబియన్ దీవుల తైనో భాష నుంచి కనోవా (పడవ), అమాకా (ఉయ్యాల మంచం), ఉరకాన్ (తుఫాను) వచ్చాయి. ఇంగ్లీషులో వాటిని కనూ, హామక్, హరికేన్ అంటారు. మెక్సికోలోని నవాత్ల్ భాషలో చాలా మాటలు 'త్ల్'తో ముగుస్తాయి. ఆ శబ్దం స్పానిష్‌లో 'తే' అయింది. తొమత్ల్ తొమాతే, అవకత్ల్ అగ్వకాతే. టమాటా పప్పు వండే ప్రతి ఇంట్లో ఒక నవాత్ల్ మాట ఉన్నట్టే. బంగాళాదుంపను లాటిన్ అమెరికాలో పాపా అంటారు, అది ఆండీస్ పర్వతాల కెచువా మాట. స్పెయిన్‌లో పతాతా అంటారు, అందులో తైనోల చిలగడదుంప పేరు బతాతా కలిసింది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఈ అడుగును గూగుల్ మ్యాప్స్‌తో మొదలుపెట్టొచ్చు. కాలిఫోర్నియాలో పాలో ఆల్టో అంటే ఎత్తైన చెట్టు, ఒక పెద్ద రెడ్‌వుడ్ చెట్టును బట్టి వచ్చిన పేరు. మిల్పిటాస్ అంటే చిన్న మొక్కజొన్న చేలు. మిల్పా నవాత్ల్ మాట, దానికి చిన్నది అనే అర్థమిచ్చే స్పానిష్ తోక తగిలింది. లాస్ వేగాస్ అంటే పచ్చిక మైదానాలు, నెవాడా అంటే మంచు కప్పినది, కొలరాడో అంటే ఎర్రటిది. బడిలో స్పానిష్ తీసుకున్న పిల్లలకు ఇలా ఊళ్లతో మొదలుపెట్టిస్తే ఆసక్తి నిలుస్తుంది.

6. అంకెలకు సంస్కృతం వాడుకోండి

లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబం. తెలుగు ఆ కుటుంబం కాకపోయినా సంస్కృత మాటలు మనకు నోటికి వచ్చు. సప్త–స్యేతే, అష్ట–ఓచో, నవ–న్వేబే, దశ–ద్యేస్. దంతం–ద్యెంతే, నామం–నోంబ్రే, అస్థి–వేసో, విధవ–బ్యూదా, రథం–ర్వేదా (చక్రం). ఇంతటితో ఆపండి. ప్రతి మాటకూ సంస్కృతంలో చుట్టాన్ని వెతకడం మొదలుపెడితే చదువు పక్కకుపోయి ఊహాగానం మిగులుతుంది.

7. నిఘంటువులో చూసి ఖాయం చేసుకోండి

రాయల్ స్పానిష్ అకాడమీ 1713లో మాద్రీద్‌లో పుట్టింది. దాని నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితం. మాట కొట్టగానే అర్థాలకు ముందే పుట్టుక చెప్పే చిన్న వరుస కనిపిస్తుంది. అందులో ఎల్-ఏ-టి అని ఉంటే లాటిన్, ఏ-ఆర్ అని ఉంటే అరబ్బీ, ఎఫ్-ఆర్ అని ఉంటే ఫ్రెంచి. ఆ ఒక్క వరుస చదవడానికి స్పానిష్ పెద్దగా రానక్కర్లేదు.

నోటుబుక్కులో ఒక్కో మాటకు నాలుగు విషయాలు రాయండి: లింగాన్ని బట్టి ముందుండే ఆర్టికల్‌తో (ఎల్ లేదా లా) సహా మాట, తెలుగు అర్థం, మూలం, ఇంగ్లీషులో దాని చుట్టం. ఉదాహరణకు 'లా నోచే – రాత్రి – లాటిన్ నోక్తే – నాక్టర్నల్'. ఆర్టికల్ వదిలేయకండి. లింగం తర్వాత నేర్చుకుందాంలే అనుకుంటే అది ఎప్పటికీ రాదు. మాటలను అక్షరక్రమంలో కాకుండా నియమాల వారీగా రాయండి, 'క్త–చ' మాటలన్నీ ఒక పేజీలో, హెచ్ మాటలన్నీ ఇంకో పేజీలో. నాలుగో గడి ఖాళీగా మిగిలితే బలవంతంగా నింపకండి.

8. మోసం చేసే చుట్టాలు

పుట్టుక ఒకటే అయినా అర్థాలు దారి మారతాయి. మనకు 'అవకాశం' అంటే ఛాన్సు, సంస్కృతంలో ఖాళీ జాగా. అలాగే ఎక్సితో అంటే బయటికి దారి కాదు, విజయం. లాటిన్ ఎక్సితుస్‌కు బయటపడడం, ఫలితం అనే రెండు అర్థాలూ ఉండేవి. ఇంగ్లీషు మొదటిదాన్ని పట్టుకుంది, స్పానిష్ రెండోదాన్ని మంచి ఫలితంగా మార్చుకుంది. తలుపు మీద కనిపించేది సలీదా. ఎంబరసాదా అంటే సిగ్గుపడినది కాదు, గర్భిణి. స్పెయిన్‌లో ఎవరైనా కోన్‌స్తిపాదో అంటే జలుబు చేసిందని, మలబద్ధకం కాదు. లిబ్రెరీయా పుస్తకాల షాపు, లైబ్రరీ బిబ్లియోతేకా. కార్పేతా ఫైలు, కార్పెట్ అల్‌ఫోంబ్రా. వీటికి నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఒక పేజీ కేటాయించండి.

దీనికి తలకిందులైన రకం కూడా ఉంది. అర్థమూ రూపమూ కలిసినా చుట్టరికం లేనివి. మూచో, ఇంగ్లీషు మచ్ రెండూ ఎక్కువ అనే అర్థమే. కానీ మూచో లాటిన్ ముల్తుం నుంచి వచ్చింది, మచ్ పాత జర్మానిక్ మాట. దీయా, డే కూడా అంతే. గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి, మూలం అని మాత్రం రాయకండి.

9. కట్టుకథలను తేదీతో పరీక్షించండి

విదేశీయుణ్ని, ముఖ్యంగా అమెరికావాణ్ని గ్రింగో అంటారు. దీనికి ఒక కథ ఉంది. 1846–48 యుద్ధంలో పచ్చ దుస్తుల అమెరికా సైనికులను చూసి మెక్సికోవాళ్లు ఇంగ్లీషులో 'గ్రీన్, గో' అని అరిచారట. వినడానికి బాగుంటుంది. కానీ ఆ యుద్ధానికి దశాబ్దాల ముందే, 18వ శతాబ్దంలోనే, స్పెయిన్‌లోని ఒక నిఘంటువులో గ్రింగో ఉంది. దక్షిణ స్పెయిన్‌లోని మాలగాలో యాసతో స్పానిష్ మాట్లాడే పరదేశీయులను అలా అంటారని అందులో రాశారు. గ్రీకు అనే అర్థమున్న గ్ర్యేగో నుంచి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అర్థంకాని మాటలన్నీ గ్రీకే అనుకునే అలవాటు అక్కడ కూడా ఉండేది. ఇలాంటి కథ ఎక్కడైనా కనబడితే, ఆ మాట మొదట ఏ ఏడాది రాతలో దొరికిందో చూడండి. కథలోని సంఘటన కంటే మాటే పాతదైతే కథను కొట్టేయండి.

పుట్టుక తేలని మాటలూ ఉంటాయి. కుక్కను పెర్రో అంటారు. లాటిన్ కానిస్ నుంచి వచ్చిన కాన్ అనే పాత మాటను ఇది వాడుకలోంచి దాదాపు తోసేసింది, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పండితులు ఇప్పటికీ తేల్చలేదు. ఎడమను ఇస్క్యెర్దా అంటారు. అది లాటిన్ కాదు, పిరనీస్ కొండల దగ్గరి బాస్క్ భాషలోని ఎస్కెర్‌కు చుట్టం. ఇలాంటివి వచ్చినప్పుడు నియమాల కోసం వెతక్కండి. విడిగా ఒక పేజీలో రాసుకుని, బట్టీ పట్టండి.